మిలట్రీ జీపునూ ముసలి ట్యాంకునూ ఫొటో తీయడం ఎలా?

ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం. మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్‌లో (ఇప్పుడు దాని పేరు అహిల్యానగర్) ట్యాంకుల మ్యూజియం అంతా మూడు గంటలు తిరిగి రెండు వందల ఎనభై ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి చూసుకుంటే అన్నీ ఒక్కటే ఫొటో: ఆకుపచ్చ ఇనప ముద్ద, దాని పొట్ట కింద తారులాంటి నీడ, పైన తెల్లగా పేలిపోయిన ఆకాశం. సరే, ఎడిటింగ్‌లో చూసుకుందాం అనుకున్నాను. రంగు తీసేశాను, పొగ కలిపాను, గ్రెయిన్ (పాత ఫిల్మ్ మీద కనిపించే నలుసులు) చల్లాను. మాడిన అన్నానికి పోపు పెట్టినట్టయింది.

ఆ తర్వాత మళ్లీ రెండుసార్లు వెళ్లాను. మధ్యలో మా ఊరి దగ్గర ఒక డిస్పోజల్ జీపు (సైన్యం వాడి అమ్మేసినది) దొరికితే దాని వెంట పడ్డాను. ఇప్పుడు నేను ఏ వరుసలో పని చేస్తానో అలాగే చెబుతాను. మీ దగ్గర డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా లేకపోయినా ఇబ్బంది లేదు, మంచి ఫోన్ ఉన్నా ఇందులో ముప్పావు వంతు పని జరుగుతుంది.

ముందు బండిని వెతుక్కోండి

ట్యాంకులు కావాలంటే మన దేశంలో అహిల్యానగర్ కావల్రీ ట్యాంక్ మ్యూజియాన్ని మించింది లేదు. పుణె నుంచి సుమారు 120 కిలోమీటర్లు. 1994లో మొదలైంది. రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ మీద కట్టిన సాయుధ కారు, బ్రిటిష్ మటిల్డా, వాలెంటైన్, చర్చిల్ ట్యాంకులు, జపాన్ వాళ్ల బుల్లి హాగో ట్యాంకు, మందుపాతరలను గొలుసులతో కొట్టి పేల్చే షెర్మన్ క్రాబ్, మన విజయంత ట్యాంకు, 1965 యుద్ధంలో పట్టుకున్న పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులు అక్కడున్నాయి. ఎక్కువ భాగం ఆరుబయటే, చెట్ల మధ్యే. అంటే వెలుతురు మీ చేతిలో ఉండదు గానీ టైము మీ చేతిలో ఉంటుంది.

అంత దూరం వెళ్లలేకపోతే విశాఖ ఆర్కే బీచ్ ఉంది. కురుసుర సబ్‌మెరైన్ 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసి, 2002 నుంచి ఇసుక ఒడ్డున మ్యూజియంగా నిలబడి ఉంది. రోడ్డుకు అవతలి వైపు టీయూ-142 విమానం 2017 నుంచి ఉంది. ఇవి బండ్లు కావు అంటారా? ఇనుము ఇనుమే, కిటుకులన్నీ ఒకటే. సముద్రం తూర్పున ఉంది కాబట్టి పొద్దున్నే ఇసుక వైపు నుంచి తీస్తే సబ్‌మెరైన్ ఒళ్లంతా వెలుగుతుంది, అదే టైములో రోడ్డు వైపు నుంచి తీస్తే నల్లటి ఆకారం మాత్రమే వస్తుంది. నాకు రెండోదే ఇష్టం. లెన్సు మీద ఉప్పు పొర పేరుకుంటుంది, మెత్తని గుడ్డ జేబులో పెట్టుకోండి.

ఇక జీపులు. మిలట్రీ వాళ్లు వేలంలో అమ్మేసిన జీపులు, జోంగాలు (జీపు లాంటివే, ఇంకాస్త పెద్ద బండ్లు) ఇప్పటికీ మన ఊళ్లలో తోటల్లోనో, మెకానిక్ షెడ్ల వెనకో కనిపిస్తాయి. నన్నడిగితే వీటితోనే మొదలుపెట్టమంటాను. తాడు కట్టి ఉండదు, సెక్యూరిటీ విజిల్ వేయడు, ఓనర్‌తో మాట్లాడితే బండిని ముందుకూ వెనక్కూ జరుపుతాడు.

అనుమతి సంగతి ఒక్క మాటలో: మ్యూజియంలో టికెట్ కౌంటర్ దగ్గరే కెమెరా, ట్రైపాడ్ రూల్స్ అడగండి, కంటోన్మెంట్ చుట్టుపక్కల డ్రోన్ ఎగరేయకండి, రోడ్డు మీద వెళ్తున్న ఆర్మీ కాన్వాయ్ జోలికి పోకండి.

బండిని చదవండి

కెమెరా తీసే ముందు పావుగంట ఊరికే బండి చుట్టూ తిరగండి. ఏది అసలుది, ఏది తర్వాత అతికించింది అనేది తెలియకపోతే ఏది తీయాలో తెలియదు.

జీపు ముందు గ్రిల్‌లో గాట్లు లెక్కపెట్టండి. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రేకును అచ్చు గుద్ది చేసిన గ్రిల్‌లో తొమ్మిది ఉంటాయి. యుద్ధం అయ్యాక పౌరుల కోసం వచ్చిన జీపుల్లో ఏడే. బానెట్ బాగా ఎత్తుగా, నుదురు పెద్దగా ఉన్న మనిషిలా కనిపిస్తే అది సీజే-3బీ తరహా, మహీంద్రా వాళ్లు మన దేశంలో ఏళ్ల తరబడి తయారుచేసింది. అలాంటి జీపు ఫొటో కింద ‘రెండో ప్రపంచ యుద్ధపు జీపు’ అని రాస్తే తెలిసినవాళ్లు నవ్వుకుంటారు. జోంగా అయితే జబల్‌పూర్ ఫ్యాక్టరీ సరుకు, నిస్సాన్ పెట్రోల్ డిజైన్. శక్తిమాన్ లారీ కూడా జబల్‌పూర్‌దే, డిజైన్ మాత్రం జర్మన్ మాన్ కంపెనీది.

సైన్యంలో ఉన్నప్పటి నంబరు ఎక్కడైనా మిగిలి ఉందేమో చూడండి. పైకి చూసే బాణం గుర్తు, దాని పక్కనే రెండంకెలు ఉంటాయి. ఆ రెండంకెలు బండి సైన్యంలో చేరిన సంవత్సరం. బంపర్ మీద మూడు పూతల పెయింటు కింద ఆ బాణం లీలగా కనిపించిందంటే మీ పంట పండినట్టే.

ఇంకో ముఖ్యమైన సంగతి. 1989 నాటి సెంట్రల్ మోటార్ వెహికల్ రూల్స్‌లో 121వ నియమం ప్రకారం ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బండ్లకే. అందుకే డిస్పోజల్‌లో కొన్నవాళ్లు జీపుకు వేరే రంగు వేయించాలి. నేను తీసిన జీపు మెరూన్ రంగులో ఉంది. కానీ తలుపు గొలుసు రాసుకునే చోట, బానెట్ క్లిప్పు కింద, డ్రైవర్ ఎడమ కాలు ఆనే రేకు మీద మెరూన్ అరిగిపోయి, కింద నుంచి పాత ఆకుపచ్చ బయటపడింది. రూపాయి బిళ్లంత మచ్చ. ఆ రోజు తీసిన వాటిలో నాకు మిగిలిన ఫొటో అదే. మూడ్ అంటే మనం పైన పూసేది కాదని నాకు అర్థమైంది అక్కడే: అది బండి మీద ముందే ఉంటుంది, మనం చెరిపెయ్యకుండా ఉంటే చాలు.

చెరపడం అంటే గుర్తొచ్చింది. ఓనర్‌కు ముందే ఫోన్ చేసి చెప్పండి, కడగొద్దని. నేను చెప్పలేదు. వెళ్లేసరికి ఓనర్ బాబాయ్ గారు తెల్లవారుజామునే లేచి జీపును కడిగి, డీజిల్ గుడ్డతో తుడిచి, టైర్లకు పాలిష్ కొట్టి పెళ్లికొడుకులా నిలబెట్టారు. “ఏం బాబూ, తళతళలాడుతోంది కదా?” అన్నారు. ఏం చెప్పను? “బ్రహ్మాండం అండీ” అని, మట్టి రోడ్డు మీద ఒక రౌండు తిరిగొద్దామని బయల్దేరదీశాను. పది నిమిషాల్లో దుమ్ము దానంతటదే సర్దుకుంది.

వెలుతురు

ఆలివ్ గ్రీన్ ముదురు రంగు. దానికి ఎదురుగా సూటిగా ఎండ పడితే పలకలన్నీ ఒకే పలకలా కనిపిస్తాయి. పక్క నుంచి, తక్కువ ఎత్తు నుంచి వచ్చే వెలుతురు కావాలి. అప్పుడే వెల్డింగ్ గీతలు, రివెట్లు, పోత ఇనుము గరుకు బయటికొస్తాయి. సొంత జీపు అయితే సూర్యాస్తమయానికి ముందు గంటసేపు. మ్యూజియాలు మాత్రం సూర్యోదయానికి తలుపులు తీయవు, కాబట్టి గేటు తీయగానే లోపల ఉండండి, లేదా మూసే ముందు గంటకు రండి. మధ్యలో భోజనం చేయండి, చెట్టు కింద కూర్చోండి, బోర్డులు చదవండి.

అన్నిటికన్నా మంచిది వానాకాలం. జులై నుంచి సెప్టెంబర్ దాకా దక్కన్ మీద పరుచుకునే మబ్బు, స్టూడియోలో వెలుతురును మెత్తబరిచే సాఫ్ట్‌బాక్స్ లాంటిది. చినుకు పడి ఆగాక ఐదు నిమిషాలు మరీ మంచిది. తడిసిన ట్రాకు (ట్యాంకు చక్రాల చుట్టూ తిరిగే ఇనప పట్టా) నల్లగా, దాని మీద బురద ఎర్రగా, రంగులు వాటంతటవే విడిపోతాయి.

మ్యూజియం ట్యాంకులతో ఒక చిక్కుంది. వాటికి మెరిసే ఎనామిల్ పెయింటు మీద పెయింటు వేసి ఉంటారు. యుద్ధంలో మెరుపు శత్రువుకు చిరునామా ఇచ్చినట్టే, కాబట్టి అసలు బండ్లకు మెరవని రంగు ఉండేది. ఆ మెరుపు పోవాలంటే లెన్సు ముందు పోలరైజర్ ఫిల్టర్ (మెరుపును అడ్డుకునే అద్దం) పెట్టి, వ్యూఫైండర్‌లో చూస్తూ నెమ్మదిగా తిప్పండి. ఒకచోట మెరుపు మాయమై కింద రంగు కనిపిస్తుంది. పెయింటు మీద, అద్దాల మీద, తడి ఆకుల మీద ఇది పనిచేస్తుంది. పెయింటు లేని ఉత్త ఇనుము మీద పనిచేయదు, ఫిల్టర్ బాగోలేదని తిట్టుకోకండి. ఫోన్ వాళ్లు పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలను లెన్సుకు అడ్డం పెట్టి తిప్పి చూడండి. నవ్వుతారు గానీ పని జరుగుతుంది.

సెట్టింగులు, నిలబడే చోటు

రా ఫార్మాట్‌లో (కెమెరా తన దిద్దుబాట్లు చేయని పచ్చి ఫైలు) తీయండి. ఫోన్‌లో ప్రో మోడ్‌లో ఉంటుంది. అపర్చర్ (లెన్సు తెరుచుకునే కొలత) ఎఫ్/8, ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే కొలత) 100 నుంచి 400, చేత్తో పట్టుకుంటే షట్టర్ సెకనులో 125వ వంతుకు తగ్గకుండా. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 0.7 దగ్గర పెట్టి మొదలుపెట్టండి. ఎందుకంటే ఫ్రేమంతా ముదురాకుపచ్చ నిండితే కెమెరా ‘అయ్యో చీకటిగా ఉంది’ అనుకుని వెలుగు పెంచేస్తుంది, ట్యాంకు పాచి పట్టిన గోడ రంగులోకి మారుతుంది. ఫోన్‌లో అయితే బండి మీద వేలు అదిమిపట్టి, ఎక్స్‌పోజర్ లాక్ అయ్యాక కిందికి జరపండి.

తర్వాత వెనక్కి నడవండి. అందరూ చేసే తప్పు దగ్గరికెళ్లి వైడ్ లెన్సుతో తీయడం. అలా తీస్తే ముందు చక్రం గుమ్మడికాయంత, వెనక టరెట్ (ఫిరంగి బిగించిన, తిరిగే పైభాగం) నిమ్మకాయంత వస్తుంది. ప్యాటన్ ఎం48 ఫిరంగి గొట్టంతో కలిపి తొమ్మిది మీటర్లు దాటుతుంది. దాని బరువు ఫొటోలో తెలియాలంటే పదిహేను ఇరవై మీటర్లు వెనక్కి వెళ్లి 70 లేదా 85 ఎంఎం లెన్సుతో తీయండి. ఫోన్‌లో అయితే 2ఎక్స్ లేదా 3ఎక్స్ లెన్సు.

ఎత్తు మరీ ముఖ్యం. నిలబడి తీస్తే ట్యాంకు బొమ్మలా ఉంటుంది. మోకాళ్ల మీద కూర్చుని మడ్‌గార్డు ఎత్తు నుంచి తీయండి. గొట్టం మీ వైపు కొంచెం ఓరగా చూస్తూ, దాని మూతి ఫ్రేము అంచుకు తగలకుండా ఖాళీ వదలండి. జీపుకైతే హెడ్‌లైట్లే కళ్లు, దగ్గరగా ఉన్న లైటు మీద ఫోకస్ పెట్టండి.

మ్యూజియంలో సగం పని వెనకున్న చెత్తను దాచడమే. పసుపు బోర్డు, చెత్తబుట్ట, గొలుసు కంచె, తెల్ల సున్నం కొట్టిన ఇటుకల వరుస. అర అడుగు పక్కకు జరిగితే బోర్డు చక్రం వెనక్కి పోతుంది. జరిగినా పోకపోతే ఆ బండిని వదిలేసి ముక్కలు తీయండి.

ముక్కలంటే నాకు ప్రాణం. షెర్మన్ క్రాబ్ ముందున్న డ్రమ్ముకు వేలాడే గొలుసులు, ట్రాకు పిన్నులు, లక్షసార్లు తెరిచి మూసిన మూత పిడి. ప్యాటన్ దగ్గర మాత్రం ఎక్కువసేపు ఉండండి. 1965 సెప్టెంబర్‌లో ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్ పోరులో పాకిస్తాన్ ట్యాంకులు పదుల సంఖ్యలో నాశనమయ్యాయి, పట్టుబడ్డాయి. వాటిని పోగేసిన చోటుకు జనం ప్యాటన్ నగర్ అని పేరే పెట్టారు. జీపు మీద బిగించిన 106 ఎంఎం తుపాకీతో ఆ ట్యాంకులను కొట్టి, అక్కడే ప్రాణం వదిలిన అబ్దుల్ హమీద్‌కు పరమవీర చక్ర ఇచ్చారు. పట్టుబడ్డ ట్యాంకుల్లో కొన్ని దేశమంతా మ్యూజియాల్లో, కూడళ్లలో కనిపిస్తాయి. అలాంటి దాని మీద గుండు దిగిన చిల్లు కనిపిస్తే వెలుతురు పక్క నుంచి పడే టైము దాకా ఆగండి. ఎదురు వెలుతురులో అది నల్ల చుక్క. పక్క వెలుతురులో ఇనుము ఏ వైపుకు పొర్లిందో, అంచు ఎలా కరిగిందో తెలుస్తుంది. ఇలాంటి చోట ఎఫ్/4 చాలు. దాని ముందు నిలబడి వేళ్లతో విక్టరీ గుర్తు పెట్టే సెల్ఫీ మాత్రం వద్దండీ, ఆ చిల్లు వెనక ఎవరో కూర్చుని ఉండేవారు.

కదిలే జీపు

కోత అయిపోయిన మడి, పక్కన మట్టి బాట, ఎదురుగా వాలుతున్న సూర్యుడు. ఇవి చాలు. డ్రైవర్‌ను ముప్పై కిలోమీటర్ల వేగంలో ఒకే తీరుగా నడపమనండి. షట్టర్ 40వ వంతుకు తగ్గించి, నడుము దగ్గర నుంచి తిరుగుతూ జీపుతో పాటే కెమెరాను లాగండి, క్లిక్ చేశాక కూడా తిరగడం ఆపకండి. ఇరవై తీస్తే రెండు వస్తాయి, అది మామూలే. చక్రం తిరుగుతున్నట్టు ఉండి, డ్రైవర్ ముఖం స్పష్టంగా ఉంటే అదే మంచి ఫొటో. దుమ్ము కావాలంటే సూర్యుడు జీపు వెనక ఉండేలా నిలబడండి. ముందు వెలుతురులో కనిపించనే కనిపించని దుమ్ము వెనక వెలుతురులో బంగారంలా లేస్తుంది.

ఎడిటింగ్

మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. అమెరికన్ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల వెబ్‌సైట్‌లో ఆల్‌ఫ్రెడ్ పామర్ అనే ఫొటోగ్రాఫర్ 1942లో ఫోర్ట్ నాక్స్ సైనిక స్థావరంలో తీసిన ట్యాంకుల ఫొటోలున్నాయి, కొడాక్రోమ్ కలర్ ఫిల్మ్ మీద. చూస్తే ఆశ్చర్యపోతారు. ఆకాశం నీలంగా ఉంది, మట్టి ఎర్రగా ఉంది, సైనికుడి చెంప మీద సాయంకాలపు ఎండ నారింజ పండులా ఉంది. పాతకాలం అనగానే మనం బూడిద రంగు పూయడం తర్వాత వచ్చిన యుద్ధ సినిమాల అలవాటు. అప్పటి మనుషులకు లోకం రంగుల్లోనే కనిపించింది. కాబట్టి రంగు తీసేయడంతో మొదలుపెట్టకండి.

నేను లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడతాను. కంప్యూటర్‌లో డార్క్‌టేబుల్, ఫోన్‌లో స్నాప్‌సీడ్ ఉచితం, వీటిలోనూ ఇందులో చాలా పనులు చేయొచ్చు.

మొదట ఫొటోను నిటారు చేయండి, లెన్స్ కరెక్షన్ పెట్టండి. తర్వాత వైట్ బ్యాలెన్స్. చెట్ల నీడలో తీసినవి పచ్చగానో నీలంగానో కొడతాయి; టెంపరేచర్ కొంచెం పెంచి, టింట్‌ను మెజెంటా వైపు ఐదారు పాయింట్లు జరిపితే ఇనుము ఇనుములా కనిపిస్తుంది. హైలైట్స్ మైనస్ 50. షాడోస్ పెంచాలనిపిస్తుంది, ప్లస్ 15 దగ్గర ఆగండి. ట్యాంకు కింద చీకటి ఉండాలి. దాన్ని తవ్వి తీస్తే బరువు పోయి ట్యాంకు గాల్లో తేలుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు, పచ్చిక. ఆలివ్ రంగు ఆకుపచ్చ అనుకుంటాం గానీ అది నలుపులో పసుపు కలిపితే వచ్చే రంగు. లాన్ కూడా కెమెరాకు ఎక్కువగా పసుపుగానే కనిపిస్తుంది. అందుకే కలర్ మిక్సర్‌లో పసుపును తగ్గిస్తే గడ్డితో పాటు ట్యాంకు కూడా చచ్చిపోతుంది. దీనికి మార్గం: సబ్జెక్ట్ మాస్క్‌తో బండిని ఎంచుకుని, ఆ ఎంపికను తిరగేసి, వెనకదానికి మాత్రం శాచురేషన్ (రంగు గాఢత) మైనస్ 35, ఎక్స్‌పోజర్ మైనస్ 0.4 ఇవ్వండి. గొట్టం అంచుల దగ్గర మాస్క్ తప్పుతుంది, బ్రష్‌తో సరిచేయండి. ట్యాంకు అలాగే ఉండి, లాన్ వెనక్కి తగ్గుతుంది. చాలా ఫొటోలకు ఈ ఒక్క పనే సగం మూడ్ తెచ్చిపెడుతుంది.

గరుకును పెంచే టెక్స్‌చర్, క్లారిటీ స్లైడర్లను ఫొటో మొత్తానికి లాగకండి. ట్రాకు, వెల్డింగ్, టైరు మీద బ్రష్‌తో ప్లస్ 20 చాలు. ఆకాశానికి క్లారిటీ పెడితే బొగ్గు పొడి చల్లినట్టుంటుంది. స్నాప్‌సీడ్‌లో ‘డ్రామా’ అనే ఫిల్టర్ ఉంటుంది. దాన్ని ముట్టుకోకండి, అంతే.

తర్వాత చేత్తో వెలుగు నీడలు దిద్దడం. చిన్న బ్రష్ తీసుకుని, వెలుతురు ముందే పడిన అంచుల మీద ఎక్స్‌పోజర్ ప్లస్ 0.3, నీడ వైపు మైనస్ 0.3. ఎండ రాని చోట ఎండ పుట్టించకండి. నా మెరూన్ జీపులో ఆ ఆకుపచ్చ మచ్చకు ఇలాగే చిన్న మాస్క్ వేసి కాస్త వెలుగు, కాస్త వెచ్చదనం ఇచ్చాను. జీపు మొత్తాన్ని ఆలివ్‌లోకి మార్చేయమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. ఐదు నిమిషాల పని. చేయలేదు. మెరూన్ కింద ఆకుపచ్చ ఉండటమే ఆ బండి కథ.

చివర్లో కలర్ గ్రేడింగ్ (నీడలకూ వెలుగులకూ విడివిడిగా రంగు అద్దడం), అదీ ఉప్పు వేసినట్టు. షాడోస్‌లో హ్యూ (ఏ రంగు అనేది) 210, శాచురేషన్ 8. హైలైట్స్‌లో హ్యూ 45, శాచురేషన్ 10. టోన్ కర్వ్‌లో ఎడమ కింది చుక్కను రవ్వంత పైకి లేపితే నలుపు పాత ప్రింటులా వెలిసినట్టుంటుంది. గ్రెయిన్ 20, విన్యెట్ (ఫొటో అంచుల చీకటి) మైనస్ 10. మనుషులున్న ఫొటోలో ఇవన్నీ సగానికి తగ్గించండి, ముఖం రోగిలా కనిపిస్తే ఎంత మూడ్ ఉండి ఏం లాభం.

బ్లాక్ అండ్ వైట్ చేయాలనుకుంటే రంగుల ఫైలు నుంచే చేయండి. మిక్సర్‌లో నీలం తగ్గిస్తే ఆకాశం ముదురుతుంది, పసుపు పెంచితే ట్యాంకు తేలుతుంది. కురుసుర లాంటి నల్లటి ఒంటికి ఇది బాగా నప్పుతుంది. మచ్చలే ప్రాణమైన జీపుకు నప్పదు.

పొగ, మంట, పేలుడు కలపడం? నేను కలపను. సరదాకు చేస్తే ఆ మాట ఫొటో కిందే రాయండి, లేకపోతే నాలుగు రోజుల్లో అది యుద్ధంలో తీసిన నిజం ఫొటోగా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది.

పూర్తయ్యాక ఒక రాత్రి వదిలేసి, పొద్దున మళ్లీ చూడండి. నావి పదిలో ఎనిమిదింటికి పొద్దున్నే స్లైడర్లు వెనక్కి జరుపుతాను. తర్వాత ఒక్కటైనా ప్రింటు తీయించండి, పన్నెండు బై పద్దెనిమిది, మ్యాట్ పేపర్ మీద. స్క్రీన్ మీద కన్నా కాగితం మీద చీకటిగా వస్తుంది కాబట్టి పంపే ఫైలుకు ఎక్స్‌పోజర్ కొంచెం పెంచి ఇవ్వండి. బండి ఓనర్‌కు ఒక కాపీ ఇవ్వడం మరిచిపోకండి.

నేను బాబాయ్ గారికి పట్టుకెళ్లి ఇచ్చాను, దుమ్ములోంచి జీపు వస్తున్న ఫొటో. కళ్లజోడు పెట్టుకుని, వెలుతురు దగ్గరికెళ్లి, చాలాసేపు చూశారు. నేను పొగడ్త కోసం చేతులు కట్టుకుని నిలబడ్డాను.

“వెనక టైరులో గాలి తక్కువుంది చూడు,” అన్నారు. “ఆ రోజే చెప్పొద్దూ?”